మహారాజుగారి నిద్ర ఎవరి మీద పడింది?

ఒకానొక రాజ్యంలో అనగానే మీరు ఏడు ప్రాకారాల కోటా, ఏనుగుల బారులూ ఊహించుకునేరు. కాస్త ఆగండి. నీలవాడ రాజ్యం అంత గొప్పదేం కాదు. పొద్దున్నే గుర్రమెక్కి బయల్దేరితే మధ్యాహ్నం భోజనం పక్క రాజ్యంలో చెయ్యాల్సిందే. ఏనుగు ఒకటుండేది గానీ, దానికి వయసు మీదపడి, పండగనాడు తప్ప లేచి నిలబడేది కాదు.

రాజ్యం చిన్నదైతేనేం, రాజుగారి దర్జా చిన్నదా! ఆయన పేరు అచ్యుత భూపాలుడు. మనిషి చెడ్డవాడు కాదు సుమండీ. ఆకలన్నవాడికి అన్నం పెట్టేవాడు, వరదొస్తే పన్ను మాఫీ చేసేవాడు. కాకపోతే తాను ఏం చేసినా లోకం దాన్ని కళ్ళకద్దుకోవాలనే పిచ్చి ఒకటి ఆయనకి బలంగా ఉండేది.

ఆ పిచ్చి తాతగారి నాటి నుంచీ వస్తున్నదే. నీలవాడ కొలువులో ఒక మర్యాద ఉంది. రాజుగారు చేసిన పని ఎవరి మీద పడితే వాళ్ళు ఉత్తరీయం నడుముకి చుట్టి, చేతులు జోడించి "మహాప్రసాదం!" అనాలి. తాంబూలం ఇస్తే మహాప్రసాదం. తిట్టినా మహాప్రసాదమే. ఒకసారి రాజుగారు పాలగిన్నెలో మూతిపెట్టిన పిల్లి మీదికి చెప్పు విసిరారు. పిల్లి తప్పుకుంది. దాని వెనకాల కూర్చున్న దివాను కామేశంగారు తప్పుకోలేకపోయారు. పాపం, ఆ పెద్దాయన చెంప తడుముకుంటూనే లేచి, "మహాప్రసాదం!" అని, ఆ చెప్పు తెచ్చి రాజుగారి కాళ్ళ దగ్గర పెట్టారు.

ఇలాంటి మర్యాదలు ఎవరూ తప్పకుండా చూసుకునే ఉద్యోగం పేర్రాజుది. సన్నగా, పొడుగ్గా, నోట్లో ఎప్పుడూ ఓ లవంగం ముక్కతో కొలువులో ఓ స్తంభాన్ని ఆనుకుని నిలబడేవాడు. ఎవరైనా మహాప్రసాదం అనడం మరిచిపోతే వెనకనుంచి చిన్నగా దగ్గేవాడు. ఆ దగ్గు వినపడితే చాలు, ఎంతటివాడికైనా మర్యాద గుర్తొచ్చేది. మాటకారి. నవ్వకుండా నవ్వించగలడు. రాజుగారికి అతనంటే ఇష్టం, కొలువుకంతటికీ కాస్త భయం.

ఇలా ఉండగా, కలెక్టరు దొర త్వరలో నీలవాడ విచ్చేస్తున్నాడని కబురొచ్చింది. దొరతో ఇంగ్లీషులో మాట్లాడి మెప్పించాలని రాజుగారికి ముచ్చట పుట్టింది. పుట్టిందే తడవు, రేవుపట్నం నుంచి జ్ఞానానందం పంతుల్ని పిలిపించారు. మిషను బడిలో చదువుకున్నవాడు, నెమ్మదైనవాడు. రోజూ ఉదయం రాజుగారికి పాఠం చెప్పి, తరవాత ఊరి పిల్లలకి బడి నడిపేవాడు. భార్య సుగుణమ్మని కూడా తెచ్చుకుని, కోట వెనక వీధిలో కాపురం పెట్టాడు.

రాజుగారి పాఠమంటే చాటుగా జరిగేదా మరి! నిండు కొలువులోనే. ఆయన అక్షరం నేర్చుకుంటే అది చూసే భాగ్యం అందరికీ దక్కవద్దూ?

ఆ రోజు పంతులు క్రియల సంగతి ఎత్తుకున్నాడు.

"ప్రభూ, క్రియలు రెండు రకాలు. కొన్ని చేసినవాడి దగ్గర ఆగవు, ఇంకొకదాని మీదికి వెళతాయి. 'కట్' అనే మాట ఉంది. 'నేను కోశాను' అన్నామనుకోండి, వినేవాడు ఊరుకుంటాడా? ఏం కోశావని అడుగుతాడు. మామిడికాయ కోశాను అంటేగానీ వాడి మనసు నిలవదు. ఆ మామిడికాయ కర్మ. అలా కర్మ కావలసిన క్రియ సకర్మకం. ఇంగ్లీషువాళ్ళు ట్రాన్సిటివ్ అంటారు."

"'గివ్' అన్నా అంతేనా?" అన్నారు రాజుగారు.

"అంతే ప్రభూ. ఇచ్చాను అని ఊరుకుంటే చాలదు. ఏమిటిచ్చారు, ఎవరికిచ్చారు అని అడుగుతారు."

"భేష్!" రాజుగారు మీసం దువ్వుకున్నారు. ఈ సకర్మకాలేవో అచ్చం తన కోసమే పుట్టినట్టు తోచింది ఆయనకి.

"ఇక రెండో రకం. 'స్లీప్.' నేను నిద్రపోయాను. దేన్ని నిద్రపోయావు, ఎవర్ని నిద్రపోయావు అని ఎవరైనా అడుగుతారా?"

కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారు.

"అడగరు. ఆ పని చేసినవాడితోనే మొదలై వాడితోనే సరి. నవ్వడం, తుమ్మడం, రావడం, పోవడం, అన్నీ ఆ కోవలోవే. కర్మ అక్కర్లేదు గనక అకర్మకాలు. ఇంగ్లీషులో ఇంట్రాన్సిటివ్. కొన్ని మాటలు రెండు పడవల మీదా కాళ్ళు పెడతాయనుకోండి. తలుపు మనం తెరుస్తాం, ఒక్కోసారి గాలికి అదే తెరుచుకుంటుంది. మనకి మాట మారింది గానీ, వాళ్ళకి రెండిటికీ 'ఓపెన్' ఒక్కటే. అలాంటిచోట అసలు ఏం జరిగిందో చూసుకోవాలి."

స్తంభాన్ని ఆనుకున్న పేర్రాజుకి భలే నచ్చింది. మా ఇంటావిడ 'వండాను' అంటే 'ఏం వండావు' అని అడుగుతాను గానీ, 'తుమ్మాను' అంటే 'ఏం తుమ్మావు' అని ఎప్పుడైనా అడిగానా, ఎంత సులువుగా చెప్పాడీయన అని లోలోపల మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూ రాజుగారి వైపు చూశాడు. మీసం మీద చెయ్యి కదలడం లేదు. ఇదెక్కడికో దారితీస్తుందిరా బాబూ అనుకున్నాడు.

"పంతులూ," అన్నారు రాజుగారు, "నేను నవ్వాననుకో. అది ఎవరి మీదా పడదా?"

"పడదు ప్రభూ."

"నేను నిద్రపోతే?"

"తమతోనే ఆగిపోతుంది."

"మా ఏనుగు మావటి కూడా నిద్రపోతాడు. వాడి నిద్రా నా నిద్రా ఒకటేనా?"

పంతులు ఒక్క క్షణం తడబడ్డాడు. "వ్యాకరణంలో ఒకటే ప్రభూ."

అంతే! రాజుగారు సింహాసనం మీంచి దిగ్గున లేచారు. "ఏమిటీ! మా తాతగారి నాటి నుంచీ ఈ గద్దె మీద కూర్చున్నవాడు వేలు కదిపితే ఎవరో ఒకరు అందుకుని కళ్ళకద్దుకున్నారు. నా నవ్వు గాలికి పోతుందా? నా నిద్ర ఎవరికీ దక్కకుండా పోతుందా? నీలవాడలో రాజు చేసే క్రియలన్నీ సకర్మకాలే! ఇది నా ఆజ్ఞ. రేపటి నుంచి అలాగే నేర్పు."

పంతులు తలొంచుకున్నాడు. "తప్పు నేర్పలేను ప్రభూ, క్షమించండి."

"నేర్పలేకపోతే రేపు సాయంత్రం సముద్రం పోటెత్తే వేళకి వెళ్ళే పడవెక్కి నీ దారి నువ్వు చూసుకో!"

పంతులు తలొంచుకునే నిలబడ్డాడు. శిక్ష కూడా రాజుగారు చేసే పనే కదా, దానికీ మర్యాద ఉంది. అందరి చూపూ పేర్రాజు మీదికి మళ్ళింది. పేర్రాజు నోట్లో లవంగాన్ని బుగ్గకి తోసుకున్నాడు. ఉద్యోగధర్మం, తప్పుతుందా? చిన్నగా దగ్గాడు.

పంతులు ఉత్తరీయం నడుముకి చుట్టుకున్నాడు. "మహాప్రసాదం," అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో పేర్రాజుకి తన దగ్గు మీద తనకి రోత పుట్టింది అప్పుడే.

సాయంత్రం పంతులింటికి వెళ్ళాడు. సుగుణమ్మ నేలమీద కూర్చుని పెట్టెలో బట్టలు సర్దుతోంది. ఆమెకి నెలలు నిండాయి. పెట్టె మీదికి వంగడానికే ఆయాసపడుతోంది.

"రండి అన్నయ్యగారూ," అంది. "మంత్రసాని ఈ వారంలోనే అంది. పడవలో ఏమవుతుందో ఏమో."

బయట ముసురు పట్టి ఉంది. రేవు దగ్గర సముద్రపు పాయ పొంగి, పడవలు బరిలో కోడెల్లా గుద్దుకుంటున్నాయి.

"పంతులుగారూ, కొరివితో తల గోక్కున్నారేమిటండీ?" అన్నాడు పేర్రాజు. "చిత్తం ప్రభూ, అన్నీ సకర్మకాలే అంటే పోయేదేముంది?"

"నాకు పోయేదేం లేదు పేర్రాజుగారూ. రాజుగారికే పోతుంది. రేపు దొర ముందు 'నేను కలెక్టరుని నవ్వాను, మంచాన్ని నిద్రపోయాను' అని నిండు సభలో అంటారు. దొర మొహం పక్కకి తిప్పుకుని నవ్వుతాడు. ఆయన ఉప్పు తింటున్నాను, ఆయన్ని నవ్వులపాలు చెయ్యమంటారా?"

రాజుగారి పరువు కోసం రాజుగారి చేతే తిట్లు తిన్న మనిషి ఇతనొక్కడే కదా అనిపించింది పేర్రాజుకి. చివరికి లేచి, గుమ్మం దగ్గర ఆగి, "చెల్లెమ్మా, పెట్టె సర్దు. తాళం మాత్రం వెయ్యకు," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం కొలువు తీరగానే పేర్రాజు ముందుకొచ్చి సాష్టాంగపడ్డాడు.

"మహాప్రభో, ఏలినవారి ఆజ్ఞ విన్నాక ఒళ్ళు జలదరించింది. ఎంత అపచారం జరిగిపోయింది! ఇన్నాళ్ళూ తమ నవ్వులూ, తుమ్ములూ, ఆవలింతలూ, నిద్రలూ అందుకునేవాడు లేక నేలపాలయ్యాయి. ఇకమీదట ఒక్కటి కూడా పోనివ్వను. వాటిని స్వీకరించడానికి మనిషిని ఏర్పాటు చేశాను."

వెనకనుంచి అప్పలసూరి వచ్చి నిలబడ్డాడు. కొలువులో బిరుదులు చదివే కైవారగాడు. గుండ్రటి పొట్ట, గంటలాంటి గొంతు. అతను కోటలో బిరుదులు చదివితే రేవులో పడవవాళ్ళు లేచి నిలబడతారని ఊళ్ళో అనుకునేవారు.

రాజుగారి మొహం చాటంతయింది. "శభాష్ పేర్రాజూ! మర్యాదంటే నీకే తెలియాలి."

అంత సంబరంలో ఆయనకి తుమ్మొచ్చింది. అప్పలసూరి ఒక్క గెంతులో ఎదురుగా వచ్చి, ఆ తుమ్ము పూర్తిగా మొహాన స్వీకరించి, "మహాప్రసాదం!" అని అరిచాడు. చూరులో పావురాలు లేచిపోయాయి. రాజుగారు ఉలిక్కిపడ్డారు గానీ, బాగుందన్నట్టు తలూపారు.

తరవాత దివానుగారు ఏదో అర్జీ చదువుతుంటే ఆవలింతొచ్చింది. "మహాప్రసాదం!" రాజుగారి నోరు సగంలోనే మూతపడింది. ఆవలింత అలా మధ్యలో ఆగిపోతే ఎంత బాధో మీకు తెలియంది కాదు. లోపలికి పోదు, బయటికి రాదు.

ఇంతలో పేర్రాజు ఊరుకోక, పెళ్ళివారింట్లో దొంగతనానికొచ్చి వంటవాళ్ళ చేతికి చిక్కి, తెల్లారేదాకా పప్పు రుబ్బినవాడి కథ ఒకటి చెప్పాడు. రాజుగారికి నవ్వు ముంచుకొచ్చింది. పేర్రాజు చప్పున చెయ్యెత్తాడు.

"ఒక్క క్షణం ప్రభూ! అప్పలసూరి ఉత్తరీయం జారింది. చుట్టుకోనివ్వండి. నవ్వు వృథా అయిపోతుంది!"

రాజుగారు బుగ్గలు పూరించుకుని నవ్వుని బిగబట్టారు. అప్పలసూరి పొట్ట చుట్టూ ఉత్తరీయం తిప్పి, ముడేసి, చేతులు జోడించి, "ఇక దయచెయ్యండి ప్రభూ," అన్నాడు. అప్పటికి నవ్వెక్కడుంది? ఎప్పుడో చచ్చింది. రాజుగారు "హి హి" అని రెండు ముక్కలు రాల్చారు. "మహాప్రసాదం!"

మధ్యాహ్నం భోజనమయ్యాక కునుకు తియ్యకపోతే రాజుగారికి ఆ పూట లోకమే చేదు. ఆ రోజు మరీ విసిగిపోయి శయ్యాగృహంలోకి వెళ్ళారు. అప్పలసూరి వెంటే వెళ్ళి, మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

రాజుగారు పక్కకి ఒత్తిగిల్లారు.

"మహాప్రసాదం!"

"ఏమొచ్చిందిరా?"

"ప్రభువులు ఒత్తిగిల్లారు. స్వీకరించాను."

రాజుగారు పళ్ళు నూరుకుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి రెప్ప బరువెక్కింది. నిద్ర అలా వచ్చి గుమ్మంలో నిలబడింది. చిన్న గురక ఒకటి బయటికొచ్చింది.

"మహాప్రసాదం!"

రాజుగారు మంచం మీద ఎగిరి కూర్చున్నారు. "మళ్ళీ ఏమిట్రా!"

"గురక పడింది ప్రభూ. మంచి గురక."

"నోరు మూసుకుని కూచో!"

తిట్టాయె, దానికి మాత్రం మర్యాద లేదూ? "మహాప్రసాదం!"

మళ్ళీ పడుకున్నారు. మళ్ళీ గురక, మళ్ళీ మహాప్రసాదం. దిండు చెవుల మీద పెట్టుకున్నారు. ఆ గొంతుకి దిండొక అడ్డా? వద్దని గెంటేద్దామంటే ఆజ్ఞ తనదే. ఉంచుకుందామంటే కునుకు లేదు. మింగలేరు, కక్కలేరు. చివరికి తలపాగా లేకుండా, జుట్టు చెదిరి, ఎర్రబడ్డ కళ్ళతో రాజుగారు కొలువులోకి పరుగెత్తుకొచ్చారు. వెనకాలే అప్పలసూరి.

అక్కడ దివానుగారున్నారు, పేర్రాజు ఉన్నాడు. ఊరు విడిచేవాళ్ళు రాజుగారి సెలవు తీసుకునే పోవాలి గనక, పెట్టె పక్కన పెట్టుకుని పంతులూ ఉన్నాడు. సుగుణమ్మ గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చుంది. పోటు వేళ దగ్గరపడుతోంది.

"పేర్రాజూ!" అని గర్జించారు రాజుగారు. "వీణ్ణి నా గదిలోంచి తీసెయ్యి!"

"చిత్తం ప్రభూ. మరి తీసేస్తే ఏలినవారి నిద్ర ఎవరి మీద పడుతుంది?"

"ఎవరి మీదా పడొద్దు!"

"అయ్యో, గాలికి పోదూ?"

"నిద్ర గాలికి పోవడమేమిటయ్యా, నీ మొహం! నా నిద్ర నేను పోతాను. నా దగ్గర మొదలై నా దగ్గరే అయిపోతుంది. మధ్యలో మీరెవరు అందుకోవడానికి?"

ఆ తిట్టుని అందుకోవడం అప్పలసూరి కూడా మరిచిపోయాడు.

పేర్రాజు మెల్లగా పంతులు వైపు తిరిగాడు. "పంతులుగారూ, నిన్న నిద్ర గురించి తమరేదో చెప్పారు. నాకు సరిగ్గా జ్ఞాపకం లేదు, కాస్త మళ్ళీ చెప్తారా?" అన్నాడు. పంతులు తలెత్తలేదు. "పోనీ వద్దులెండి," అన్నాడు పేర్రాజు, "ప్రభువులే పాఠం అప్పజెప్పేశారు."

రాజుగారి మొహం ఎర్రబడింది. తెలివితేటలన్నీ రాజుగారికి కోపం రానంతసేపేనని పేర్రాజుకి తెలియదా? నాకూ ఆ పడవలోనే చోటు చూసుకోవాల్సొస్తుందేమో అనుకున్నాడు.

రాజుగారు అప్పలసూరి పొట్ట వైపు చూశారు. పంతులు పెట్టె వైపు చూశారు. దానికి తాళం లేదు. గుమ్మం దగ్గర చెయ్యి నడుముకి ఆనించుకుని కూర్చున్న సుగుణమ్మని చూశారు. ఆయన పెదవి ఒక మూల వణికింది. తరవాత రెండో మూల. ఆపైన ఆగలేదు. పొట్ట పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వడం మొదలెట్టారు. పొద్దుట ఆగిపోయిన నవ్వు కూడా వడ్డీతో సహా వచ్చేసింది.

అప్పలసూరి అలవాటుగా గుండెల నిండా ఊపిరి పీల్చాడు. రాజుగారు నవ్వుతూనే వేలు చూపించారు.

"ఊహూఁ! ఇది నాది."

ఊపిరి తిప్పుకుని గద్దె మీద కూర్చున్నాక, "పేర్రాజూ, మెచ్చాను! ఇచ్చాను!" అన్నారు ఠీవిగా.

పేర్రాజు కదల్లేదు.

"ఏమయ్యా, మర్యాదలన్నీ నువ్వే నేర్పి, మహాప్రసాదం అనవేం?"

"అంటాను ప్రభూ. కానీ ఇది సగంలో ఆగే మాట కాదటండీ. ఏమిటన్నదీ, ఎవరికన్నదీ తేలాలట."

"గడుసు పిండానివి! సరే, ఆ ఖాళీలు నువ్వే పూరించు."

"ఎవరికి అన్నచోట పంతులుగారి పేరు పెట్టండి ప్రభూ. ఏమిటి అన్నచోట ఆయన ఉద్యోగం పెట్టండి. మంత్రసాని ఈ వారమే అందట."

రాజుగారు గద్దె వెన్నుకి వేసి ఉన్న తన జరీ శాలువా తీసి పేర్రాజు మీద కప్పారు. "పంతులూ, నీ ఉద్యోగం నీకిచ్చాను. పుట్టబోయే బిడ్డకి పాలకోసం ఒక ఆవునిచ్చాను. మీ ఆవిణ్ణి నడిపించకు, పల్లకీ తెప్పిస్తున్నాను. రేపు ఉదయం ఆ అకర్మకాలు మళ్ళీ మొదటినుంచీ చెప్పు."

ఈసారి పేర్రాజు దగ్గలేదు. శాలువా కొస సర్దుకుంటూ స్తంభం వైపు చూస్తూ నిలబడ్డాడు. పంతులే చేతులు జోడించి, కళ్ళ నీళ్ళతో, "మహాప్రసాదం ప్రభూ," అన్నాడు.

రాజుగారికి ఆ మాట కొత్తగా విన్నట్టు అనిపించింది. కాసేపు మీసం దువ్వుకున్నారు.

"పేర్రాజూ, మర్యాద కాస్త మారుద్దాం. ఇవాళ్టి నుంచి నేను ఇచ్చినదానికే మహాప్రసాదం. తుమ్ముకీ నిద్రకీ వద్దు. తిట్టుకి వద్దు." అని, ఏదో గుర్తొచ్చి దివానుగారి చెంప వైపు ఓసారి చూసి, "చెప్పు తగిలినా వద్దు," అన్నారు.

ఎప్పుడూ ఒక్క మాటైనా గట్టిగా అనని దివాను కామేశంగారు చెంప మీద చెయ్యేసుకుని లేచారు.

"మహాప్రసాదం, ప్రభూ!"

ఆ కేకకి అప్పలసూరే అదిరిపడ్డాడు. గజశాలలో ముసలి ఏనుగు పండగొచ్చిందనుకుని లేచి నిలబడింది.